బండి మీదున్నా, చెప్పు

రాత్రి ఎనిమిదిన్నర వేళ బెంగళూరు మారతహళ్లి బ్రిడ్జి దగ్గర ఓ ఐదు నిమిషాలు నిలబడితే ఈ మాట ఒక్కసారైనా చెవిన పడుతుంది. యాస మారుతుందంతే. అనంతపురం కుర్రాడైతే "బండి మీదుండానమ్మా" అంటాడు. గుంటూరు వైపు అమ్మాయి "బండి మీదున్నా" అంటుంది. ఆ తర్వాతి మాట మాత్రం అందరిదీ ఒకటే: "చెప్పు."

రెండు ముక్కల ఈ వాక్యంలో ఒక తిరకాసు ఉంది. ఇప్పుడెందుకు మాట్లాడకూడదో మొదటి ముక్క చెబుతుంది. పర్లేదు, మాట్లాడదామని రెండో ముక్క అంటుంది. అవతలివాళ్లు కూడా మొదటి ముక్క విననట్టే ఉంటారు. "సరే గానీ, శుక్రవారం బస్సుకా, రైలుకా?" అని మొదలవుతుంది సంభాషణ. "బండి మీదున్నా, దిగాక చేస్తా" అనడానికీ అంతే ఊపిరి, అంతే సమయం పడుతుంది. అయినా ఆ వాక్యం అరుదుగానే వినిపిస్తుంది. డ్రైవింగ్‌లో ఫోన్ గురించి వచ్చే హెచ్చరికలన్నీ బండి నడిపేవాడి చేతి చుట్టూ తిరుగుతాయి. చేతిలో ఫోన్ ఉందా, లేదా? అసలు గొడవ చేతిలో కన్నా తలలో ఎక్కువ ఉంది. దాంట్లో సగం, ఊళ్లో మంచం మీద కూర్చుని మాట్లాడుతున్న మనిషి చేతిలో ఉంది.

ముందు ఈ నగరం సంగతి. 2022కి సంబంధించి, నగరాల ట్రాఫిక్‌ను కొలిచే టామ్‌టామ్ సంస్థ వేసిన లెక్కలో బెంగళూరు నడిబొడ్డున 10 కిలోమీటర్లు వెళ్లడానికి సగటున 29 నిమిషాల 10 సెకన్లు పట్టింది. ప్రపంచంలో అంతకంటే నెమ్మదైన నగరం ఆ ఏడాది లండన్ ఒక్కటే. అంటే బెంగళూరు వేగం గంటకు సుమారు 20 కిలోమీటర్లు. సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం దాకా అవుటర్ రింగ్ రోడ్డు 17 కిలోమీటర్లే అయినా, సాయంత్రం ఆ దారిలో కారు కదలడం, ఆగడం, మళ్లీ కదలడం తప్ప నడవడం ఉండదు. ఇంత తీరిగ్గా సాగే ప్రయాణంలో చెయ్యి ఊరుకోదు. వాట్సాప్ చూస్తే ఏం పోయింది, ఎలాగూ ఆగే ఉన్నాం కదా! ఆఫీసులో ఉదయం స్టాండప్ మీటింగులు సగం ఇప్పుడు కార్లలోంచే జరుగుతాయి. మైక్ మ్యూట్‌లో ఉంటుంది, కెమెరా ఆఫ్‌లో ఉంటుంది, తన వంతు రాగానే అన్‌మ్యూట్ చేసి రెండు ముక్కలు చెప్పాలి. ఆ అన్‌మ్యూట్ బటన్ కోసం వెతికేది బెళ్లందూరు దగ్గరో, ఇబ్లూర్ మలుపులోనో.

నెమ్మదిగా వెళ్లేటప్పుడు ప్రమాదమేముంది అనే వాదనలో కొంత నిజం లేకపోలేదు. గంటకు పది కిలోమీటర్ల వేగంలో గుద్దితే బంపరు సొట్ట పోతుంది, ఇద్దరూ దిగి కాసేపు అరుచుకుంటారు. అయితే జామ్‌లో అబ్బిన అలవాటు జామ్‌లోనే ఆగదు. హెబ్బాళ్ దాటి ఎయిర్‌పోర్టు రోడ్డెక్కగానే, ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ ఎక్కగానే దారి ఖాళీ అవుతుంది, వేగం ఒక్కసారి 80కి పోతుంది. ఫోన్ మాత్రం ఇందాకటి మాటల్లోనే ఉంటుంది. రోజుకు పది కాల్స్ బండి మీద ఎత్తి, ఏడాదంతా ఏమీ కానివాడు ఆ మూడున్నర వేల కాల్స్ నుంచి నేర్చుకునేది ఒకటే: "నాకు అలవాటే." తాగి నడిపేవాడికి కనీసం పొద్దున్నే తలనొప్పి ఉంటుంది, దీనికి అదీ లేదు.

తలలో ఏం జరుగుతుందో చూద్దాం. కెనడాలోని టొరంటోలో ప్రమాదానికి గురైన 699 మంది డ్రైవర్ల ఫోన్ బిల్లుల రికార్డులు తీసి, ప్రమాదం జరిగిన నిమిషాలతో పోల్చి చూశారు రెడెల్‌మైయర్, టిబ్షిరానీ అనే ఇద్దరు పరిశోధకులు. 1997లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, కాల్‌లో ఉన్నప్పుడు ప్రమాదానికి అవకాశం సుమారు నాలుగు రెట్లు. చేతిలో పట్టుకోకుండా మాట్లాడినవాళ్లకు ఆ రిస్కు తగ్గిన దాఖలా కనబడలేదు. 2005లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, ప్రమాదమై ఆసుపత్రికి వచ్చిన 456 మంది డ్రైవర్లను ఇదే పద్ధతిలో పరిశీలిస్తే మళ్లీ అదే నాలుగు రెట్లు తేలింది. హ్యాండ్స్‌ఫ్రీతో ఒరిగింది ఇక్కడా లేదు. టొరంటో అధ్యయనంలో ఇంకో విడ్డూరం ఉంది. ఆ డ్రైవర్లలో 39 శాతం మంది ప్రమాదం జరిగాక సాయం కోసం ఫోన్ చేసింది కూడా తమ సెల్ నుంచే.

చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉన్నా రిస్కు ఎందుకు తగ్గలేదు? అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ బృందం ఈ ప్రశ్న మీద ఏళ్ల తరబడి పనిచేసింది. సిమ్యులేటర్‌లో, అంటే తెర మీద రోడ్డు చూపించే నమూనా కారులో, బండి నడుపుతున్నవాళ్ల చూపు ఎక్కడ పడుతోందో యంత్రంతో కొలిచారు. ఫోన్‌లో మాట్లాడుతున్నవాళ్ల చూపు కూడా దారి పక్క బోర్డుల మీద పడుతూనే ఉంది. తర్వాత ఆ బోర్డులు చూపించి "ఇది చూశారా?" అని అడిగితే మాత్రం, మాట్లాడనివాళ్లతో పోలిస్తే చాలా తక్కువ గుర్తుపట్టారు. కన్ను చూసింది, మనసు చూడలేదు. "పరధ్యానం" అని మన పెద్దలు పెట్టిన పేరు దీనికి అతికినట్టు సరిపోతుంది. ధ్యానం ఉంది, అది పరాయి చోట ఉంది. ఎడ్లబండి రోజుల్లో తోలేవాడు కునికిపాట్లు పడినా ఎద్దులే ఇంటికి చేర్చేవి. యాక్టివాకు ఆ తెలివి లేదు.

ఇదే బృందం 2006లో ఇంకో పోలిక చేసింది. రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం ఉన్న డ్రైవర్లను, ఫోన్‌లో మాట్లాడుతున్న డ్రైవర్లను ఒకే సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టింది. తాగినవాళ్లు దూకుడుగా నడిపారు. ఫోన్‌వాళ్లు నింపాదిగా నడుపుతూ ముందు బండి బ్రేకు వేసినప్పుడు ఆలస్యంగా స్పందించారు. ఒకరు తాగి, ఒకరు మాట్లాడి, రెండు వేర్వేరు దారుల్లో దాదాపు ఒకే చోటికి చేరారు. మన దేశంలో మద్యానికి పరిమితి 0.03 శాతమే, అంటే ఆ సిమ్యులేటర్‌లో పెట్టిన దానికంటే బాగా కఠినం.

హ్యాండ్స్‌ఫ్రీ విషయంలో పరిశోధకులందరిదీ ఒకే మాట కాదన్నదీ చెప్పుకోవాలి. వర్జీనియా టెక్ రవాణా పరిశోధన సంస్థ నిజమైన బండ్లలో కెమెరాలు బిగించి నెలల తరబడి రికార్డు చేసిన అధ్యయనాల్లో ఉత్త మాటల వల్ల పెరిగిన రిస్కు అంతగా కనబడలేదు. వాళ్లకు భయంకరంగా తేలింది చూపు పక్కకు పోవడం. మెసేజ్ టైపు చేస్తున్న లారీ డ్రైవర్లకు ప్రమాదం గానీ, త్రుటిలో తప్పిన ప్రమాదం గానీ ఎదురయ్యే అవకాశం 23 రెట్లు. అలాంటి సంఘటనల్లో ఆరు సెకన్ల వ్యవధిలో 4.6 సెకన్లు వాళ్ల చూపు రోడ్డు మీద లేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో లెక్కేస్తే ఆ 4.6 సెకన్లలో బండి వంద మీటర్లు పోతుంది. శుక్రవారం షిఫ్టు ముగించుకుని, దేవనహళ్లి దాటి, జాతీయ రహదారి 44 మీద బాగేపల్లి వైపు సాగే కార్లలో ఆ వంద మీటర్లు ఎన్నిసార్లు గుడ్డిగా గడుస్తాయో! "టోల్ దాటాం, పన్నెండింటికి వచ్చేస్తాం" అనే ఒక్క మెసేజ్ ఖరీదు అది. అదే కార్లో పక్క సీట్లో తీరిగ్గా రీల్స్ చూస్తున్న మనిషి ఒకరుంటారు, ఆ మెసేజ్ వాళ్లకు అప్పగించాలని మాత్రం తోచదు.

పక్క సీటు మనిషి దగ్గరే ఇంకో సంగతి ఉంది. పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడితే లేని తప్పు ఫోన్‌లో మాట్లాడితే ఎందుకని చాలామంది అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. 2008లో యూటా వాళ్లే దాన్ని పరీక్షించారు. సిమ్యులేటర్‌లో కొన్ని మైళ్లు వెళ్లాక ఫలానా చోట పక్కకు దిగి ఆగాలని డ్రైవర్లకు ముందే చెప్పారు. పక్కన స్నేహితుడితో కబుర్లాడుతూ వెళ్లినవాళ్లలో ఎక్కువమంది సరిగ్గా దిగారు. ఫోన్‌లో కబుర్లాడినవాళ్లలో సగం మంది దాకా ఆ మలుపు దాటి పోయారు. పక్కనున్న మనిషికి రోడ్డు కనబడుతుంది. లారీ అడ్డం వస్తే తనంతట తానే నోరు మూస్తాడు, "అదిగో మలుపు" అంటాడు. ఫోన్‌లో ఉన్నవాడికి ఆ లారీ లేదు.

దీన్ని మన ఇంట్లోకి తెచ్చుకుంటే ఇంకా బాగా అర్థమవుతుంది. అమ్మ బండి వెనక కూర్చుంటే సిల్క్ బోర్డు దగ్గర ఒక్క మాట మాట్లాడదు. పైగా భుజం గట్టిగా పట్టుకుని "మెల్లగా పోనీ నాయనా" అంటుంది. అదే అమ్మ హిందూపురం నుంచి ఫోన్ చేస్తే, కొడుకు అదే సిల్క్ బోర్డులో రెండు బీఎంటీసీ బస్సుల మధ్య ఇరుక్కుని ఉన్నప్పుడు, బాబాయి కూతురి నిశ్చితార్థానికి ఎంత పెట్టాలో తేల్చమంటుంది. కొడుకు రెండు సెకన్లు మౌనంగా ఉంటే "వినబడుతోందా? హలో? హలో?" అంటుంది. ఆ రెండు సెకన్ల మౌనం బస్సు కోసం అని ఆమెకెలా తెలుస్తుంది?

స్పెయిన్‌లో 2013 జులై 24న సాంటియాగో దె కాంపొస్తెలా దగ్గర రైలు పట్టాలు తప్పి దాదాపు 80 మంది చనిపోయారు. గంటకు 80 కిలోమీటర్లతో వెళ్లాల్సిన మలుపులోకి రైలు 179 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లింది. దానికి కొన్ని సెకన్ల ముందు దాకా డ్రైవరు ఫోన్‌లో ఉన్నాడు. చేసింది బంధువూ కాదు, స్నేహితుడూ కాదు, అదే రైల్లో ఉన్న కండక్టరు. ముందు రాబోయే ఒక స్టేషన్‌లో ఏ ప్లాట్‌ఫారం మీద ఆపాలన్న డ్యూటీ మాటే మాట్లాడాడు. ఆ మార్గంలో వేగాన్ని తనంతట తాను అదుపు చేసే వ్యవస్థ ఆ చోట లేకపోవడమూ కారణమే. అయినా ఆఫీసు కాల్ కదా, తప్పదు అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు. అవసరమైన మాట అయినంత మాత్రాన మెదడు దానికి వేరే గది కేటాయించదు.

ద్విచక్రవాహనాల సంగతి పాశ్చాత్య పరిశోధనల్లో పెద్దగా కనిపించదు. అక్కడివన్నీ కార్లు, లారీలు. బెంగళూరులో మాత్రం ఎటు చూసినా స్కూటర్లూ బైకులే. కార్లో ఫోన్ ఒక చెయ్యినే ఆపుతుంది, స్కూటర్ మీద ఇంకా చాలా ఆపుతుంది. కుడిచేతిలో యాక్సిలరేటర్ ఉంటుంది, దాన్ని వదలడం కుదరదు. కాబట్టి ఫోన్ ఎడమచేతిలోకి వస్తుంది. గేరుల్లేని స్కూటర్లలో ఎడమచేతి కింద ఉండేది వెనక బ్రేకు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా ఉన్న బండ్లకు కనీసం కాంబీ బ్రేక్ ఉండాలన్న నియమం వచ్చాక, చాలా స్కూటర్లలో ఆ ఎడమ లీవరు నొక్కితేనే రెండు చక్రాలకూ కలిపి బ్రేకు పడుతుంది. అంటే ఫోన్ పట్టుకున్న చెయ్యి, బండిని నిలువునా ఆపాల్సిన చెయ్యి, రెండూ ఒకటే. మిగిలేది కుడిచేతి ముందు బ్రేకు. వానాకాలం తడిరోడ్డు మీద, చక్రం కాస్త వంకరగా ఉన్నప్పుడు, ఒంటిచేత్తో దాన్ని ఒక్కసారి నొక్కితే ఏమవుతుందో స్కూటర్ నుంచి పడినవాళ్లను అడిగితే చెబుతారు.

ఇక హెల్మెట్‌లో ఫోన్ ఇరికించడం. ఇది మన దగ్గరి విద్య, దీనికి పేటెంటు తీసుకోవచ్చు. చెంపకూ హెల్మెట్ లోపలి దూదికీ మధ్య ఫోన్ దూరాలంటే పట్టీ వదులు చెయ్యాలి. పట్టీ వదులైన హెల్మెట్ పడిన క్షణంలో తలకన్నా ముందు ఎగిరిపోతుంది. దూరినా, జారకుండా మెడ ఒక పక్కకు వంచి పట్టాలి. ఆ వంచిన మెడతో అటువైపు అద్దం సరిగా కనబడదు. స్పీడ్ హంప్ వస్తే ఫోన్ జారుతుంది, చెయ్యి దాని వెంట పోతుంది. గుర్తు లేని హంపులకు బెంగళూరులో కొదవ లేదు. వర్జీనియా టెక్ వాళ్లు కార్ల మీద చేసిన తొలి పెద్ద అధ్యయనంలో, కదులుతున్న వస్తువును అందుకోబోవడం రిస్కును తొమ్మిది రెట్లు పెంచిందని తేలింది. జారే ఫోన్‌ను పట్టుకోబోయే చెయ్యి ఆలోచించదు, రిఫ్లెక్స్‌లా పోతుంది. అందుకే అది అంత చెడ్డది.

హ్యాండిల్ మీద మొబైల్ హోల్డర్ బిగించుకున్నవాళ్లు కొంత నయం, చూపు మరీ కిందికి పోదు. అయితే బైకు ఇంజను వణుకుకు ఫోన్ కెమెరాలు చెడిపోవచ్చని 2021లో ఆపిలే హెచ్చరించింది. ఆ హెచ్చరిక చదివి చాలామంది కెమెరా గురించి కంగారుపడ్డారు, అది వేరే కథ.

చట్టం ఏమంటోంది? మోటారు వాహనాల చట్టం 1988లోని 184వ సెక్షన్ ప్రమాదకర డ్రైవింగ్ గురించి. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలైన సవరణలో, నడుపుతూ చేతిలో పట్టుకునే ఫోన్ వాడటాన్ని అందులో పేరు పెట్టి చేర్చారు. మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. ఆ సవరణ తెచ్చిన భారీ జరిమానాల మీద గోల మొదలయ్యాక కర్ణాటక అదే నెలలో చాలావాటిని తగ్గించింది. అంతకుముందే, 2015లో సుప్రీంకోర్టు రహదారి భద్రతా కమిటీ, ఫోన్ వాడుతూ దొరికితే లైసెన్సు కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయమని రాష్ట్రాలకు చెప్పింది. 2020 అక్టోబరు నుంచి ఇంకో నియమం వచ్చింది: నడుపుతూ ఫోన్ వాడితే దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ఏకాగ్రత చెడకుండా.

ఈ నియమాలన్నీ చేతిని చూసి రాసినవి. బ్లూటూత్ పెట్టుకుని క్లయింటుతో గొడవపడుతున్నవాడి ఏకాగ్రతను ఏ కానిస్టేబుల్ కొలవగలడు? 2022 డిసెంబరులో బెంగళూరు 50 జంక్షన్లలో కెమెరాల నిఘా వ్యవస్థ పెట్టింది. నంబరు ప్లేటు చదివేవి 250, రెడ్ లైట్ దాటితే పట్టేవి 80. హెల్మెట్ లేకపోయినా, ముగ్గురెక్కినా, చేతిలో ఫోన్ ఉన్నా ఫొటో తీస్తాయి. చెవిలో బడ్స్ ఉంటే వాటికేం పట్టదు. దాంతో చలాన్ భయం ఉన్నవాళ్లు ఫోన్ మానలేదు, బడ్స్ కొనుక్కున్నారు. చలాన్ మాత్రం ఎస్ఎంఎస్‌గా వస్తుంది. ఏదో మెసేజ్ వచ్చిందని తర్వాతి సిగ్నల్‌లో తెరిచి చూస్తే అదే! ఆ చలాన్ల మీదైనా భయం ఎంత అంటే, 2023 ఫిబ్రవరిలో పెండింగ్ చలాన్లకు సగం తగ్గింపు ప్రకటించగానే జనం కొద్దిరోజుల్లోనే వంద కోట్ల రూపాయలకు పైగా కట్టారు. అన్ని చలాన్లు అప్పటిదాకా ఎవరి ఫోన్లలో వాళ్లవి పడి ఉన్నాయన్నమాట!

లెక్కల్లో ఈ ప్రమాదం చిన్నగా కనబడుతుంది. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాటిలో ఫోన్ వాడకం కింద రాసినవి 3,395, అంటే రెండు శాతం. అతివేగం కింద రాసినవి 71 శాతం. ఈ రెండు శాతాన్ని ఉన్నదున్నట్టు నమ్మడం కష్టం. తాగినవాడి నోట్లో వాసన ఉంటుంది, ఊదించే యంత్రం ఉంది. ఫోన్ వాసన రాదు. గుద్దిన మనిషి "ఫోన్ చూస్తున్నా" అని పోలీసులకు చెప్పుకోడు. పోయిన మనిషి చెప్పలేడు, అతని ఫోన్ పాతిక అడుగుల అవతల పగిలి పడి ఉంటుంది. టొరంటోలో చేసినట్టు ప్రతి ప్రమాదానికీ కాల్ రికార్డు తీసి, నిమిషాలతో సరిచూస్తే తప్ప ఇది బయటపడదు. అందాకా అది "అతివేగం" గడిలోకో, "నిర్లక్ష్యం" అన్న మాటలోకో వెళ్లి కూర్చుంటుంది.

ఇంతవరకు చెప్పింది ఇష్టపడి ఫోన్ ఎత్తేవాళ్ల గురించి. ఎత్తక తప్పనివాళ్లు ఈ నగరంలో లక్షల్లో ఉన్నారు. మదనపల్లె, హిందూపురం, కదిరి నుంచి వచ్చి క్యాబ్ నడుపుతున్న డ్రైవరు డ్యాష్‌బోర్డు మీద రెండు ఫోన్లుంటాయి. ఒకటి ఓలాకో ఊబర్‌కో, ఇంకొకటి నమ్మ యాత్రికి. మూడోది జేబులో, అది ఇంటిది. ఉన్న ప్రయాణికుణ్ని దించకముందే తర్వాతి రైడు తెర మీద మోగుతుంది, కొన్ని సెకన్లలో నొక్కాలి, లేకపోతే పోయినట్టే. ఆ మోత కోసం ఒక చెవి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. దీన్ని "ఫోన్ అలవాటు" అనడం అన్యాయం. అతనికి స్టీరింగ్ ఎంతో ఫోన్ అంతే.

కస్టమరు చేసే కాల్ ఇంకో రకం. తన తెర మీద కారు బొమ్మ కదులుతూ కనబడుతూనే ఉంటుంది, అంటే బండి నడుస్తోందని తనకు తెలుసు. అయినా చేస్తాడు. "అన్నా, ఎక్కడున్నారు?" కన్నడంలో, హిందీలో, తెలుగులో రోజుకు ముప్పైసార్లు అదే ప్రశ్న. సగం మంది చెప్పే గుర్తులు డ్రైవరుకు అర్థం కావు. కొత్త భాషలో వెతుక్కుంటూ జవాబు చెప్పడానికి మనసు ఇంకాస్త అటు లాగుతుంది. తెలుగువాడికి తెలుగు కస్టమరు దొరికితే ఆ కాల్ ఇంకా పొడుగు: "మనది ఏ ఊరు?"

తిండి తెచ్చే కుర్రాళ్ల గతి క్యాబ్ డ్రైవర్లకంటే అధ్వానం. బండి రెండు చక్రాలది, తెర హ్యాండిల్ మీద, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ, పైనుంచి కస్టమరు, కింద టైమరు. పది నిమిషాల డెలివరీ అనే మాటకు అర్థం, ఆ పది నిమిషాల్లో ఎవరో ఒకరు ఫోన్ చూస్తూ బండి నడుపుతున్నారని. కర్ణాటక 2025లో ఇలా యాప్‌ల మీద పనిచేసే గిగ్ కార్మికుల సామాజిక భద్రత, సంక్షేమం కోసం చట్టం తెచ్చింది, మంచిదే. బండి కదులుతున్నంతసేపు యాప్ మోగకూడదు, కస్టమరు కాల్ కలవకూడదు అనే నియమం పెట్టడం కంపెనీలకు సాంకేతికంగా పెద్ద పనేం కాదు. బండి కదులుతోందో లేదో ప్రతి క్షణం వాళ్లకు తెలుసు, ఆ సమాచారం మీదే వాళ్ల వ్యాపారం నడుస్తోంది. జరిమానా మాత్రం నడిపేవాడి పేరు మీదే పడుతుంది.

మ్యాపుల విషయం కొంచెం వేరు. దారి తెలియని ఊళ్లో మ్యాప్ లేకుండా నడిపితే బోర్డులు వెతుక్కుంటూ, తలలు తిప్పుకుంటూ ఇంకా తికమక పడతారు కాబట్టి చట్టం దానికి వెసులుబాటు ఇవ్వడం సబబే. అయితే ఈ నగరంలో హెబ్బాళ్ లాంటి చోట పైకెక్కాలో కింద పోవాలో చివరి క్షణం దాకా తేలేది కాదు. కళ్లు తెర మీదికి పోయేవి, పక్క బండ్లు కొమ్ములు ఊదేవి. 2024 జులైలో గూగుల్ మ్యాప్స్ భారత్‌లో ఫ్లైఓవర్ ఎక్కాలో లేదో ముందే చెప్పే సౌకర్యం తెచ్చింది. తెర మీదికి పోయే చూపు దానివల్ల కొంతైనా తగ్గాలి. కొత్త కార్లలో ఏసీ తగ్గించడానికి కూడా తెరే తడమాల్సి రావడం మాత్రం వెనక్కి వేసిన అడుగు. యూరప్‌లో కార్లకు భద్రతా రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్, 2026 నుంచి ముఖ్యమైన పనులకు మామూలు బటన్లు ఉంటేనే పూర్తి మార్కులంటోంది. తెర లేని కారు పాతదైపోయిందని చిన్నచూపు చూసినవాళ్లు ఇప్పుడు కాలరెగరేయవచ్చు.

"సిగ్నల్‌లోనే కదా చూసుకున్నా" అనేవాళ్లకు ఒక మాట. అమెరికాలో రోడ్డు భద్రత మీద పనిచేసే ఏఏఏ ఫౌండేషన్ కోసం 2015లో యూటా బృందమే చేసిన అధ్యయనంలో, మాటతో పనిచేసే పరికరాలు వాడాక మనసు పూర్తిగా రోడ్డు మీదికి తిరిగి రావడానికి 27 సెకన్ల దాకా పట్టింది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో అది 300 మీటర్లు. పచ్చ లైటు పడింది, వెనకవాడు హారన్ కొట్టాడు, ఫోన్ జేబులోకి పోయింది, బండి కదిలింది. మేనేజరు పెట్టిన మెసేజ్ మాత్రం ఇంకా తలలో తిరుగుతోంది. జీబ్రా గీతల మీద ఆఖరి నిమిషంలో పరుగెత్తే మనిషి ఎదురయ్యేది సరిగ్గా ఆ మొదటి 300 మీటర్లలోనే. ఆ మనిషి కూడా ఫోన్ చూస్తూనే దాటుతుండవచ్చు, అది వేరే బాధ.

ఇంత తెలిసినా ఎందుకు ఎత్తుతారు? ఐఫోన్‌లో 2017 నుంచే డ్రైవింగ్‌లో ఉన్నప్పుడు నోటిఫికేషన్లు ఆపే ఏర్పాటు ఉంది, ఆండ్రాయిడ్‌లోనూ అలాంటిది ఉంది. ఫోన్‌ను స్కూటర్ డిక్కీలో పడేస్తే ఏ సెట్టింగూ అక్కర్లేదు. అయినా వాడరు. ఒక్కోసారి కారణం ఉద్యోగం. తెలుగు ఇళ్లలో మాత్రం ఇంకో కారణం బలంగా ఉంటుంది. ఎత్తకపోతే అమ్మకు టెన్షన్. మొదటి కాల్ ఎత్తకపోతే రెండోది, రెండోది ఎత్తకపోతే నాన్న నంబరు నుంచి మూడోది, తర్వాత రూమ్మేట్‌కు: "ఏం బాబూ, మావాడు ఫోన్ ఎత్తట్లేదు, ఎక్కడైనా ఏమైనా..." వాక్యం పూర్తి చెయ్యరు. రోడ్డు మీద ఏమైందోనన్న భయం అది. ఆ భయం తీర్చడానికే, ఏడో రింగు మీద, కొడుకు ఎడమచెయ్యి బ్రేకు వదిలి జేబులోకి పోతుంది. బండి మీదున్నా, చెప్పు.

కొన్ని ఇళ్లలో దీనికో పద్ధతి కుదిరింది. దాని వెనక పరిశోధనా లేదు, చట్టమూ లేదు. ఆఫీసు పార్కింగ్‌లో హెల్మెట్ పెట్టుకునే ముందు ఒక మెసేజ్: "బయల్దేరా." పీజీ మెట్ల దగ్గర బండి స్టాండ్ వేశాక ఇంకొకటి: "వచ్చా." మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి ఈ రెండిటి మధ్య సాయంత్రం గంటంపావు పట్టొచ్చు, వాన పడితే ఇంకాస్త. ఆ గంటంపావు హిందూపురంలో అమ్మ టీవీ చూస్తూ ఉంటుంది, మధ్యమధ్యలో ఫోన్ తీసి చూసుకుంటుంది, మళ్లీ పక్కన పెడుతుంది. చెయ్యదు.